గాలహర్ వెళ్ళింది పగ తీర్చుకోవడానికి కాదు

ఈ ఏప్రిల్‌లో మా అబ్బాయి బడి కోసం ఒక చార్టు తయారు చేశాడు. ఏప్రిల్ 25న వచ్చే ఆన్జాక్ దినం దగ్గర పడుతోందంటే ఇక్కడ ఆక్లాండ్‌లో పిల్లలు మొదటి ప్రపంచయుద్ధంలో పోయినవారిలో ఎవరో ఒకరి గురించి రాసి బడికి తీసుకెళ్ళడం మామూలే. మావాడికి రగ్బీ ప్రాణం కాబట్టి వాడు ఒకప్పుడు న్యూజిలాండ్ రగ్బీ జట్టుకి నాయకుడైన డేవ్ గాలహర్‌ని ఎంచుకున్నాడు. అట్ట మీద నల్ల జెర్సీ గీశాడు, దాని పక్కన వెండిరంగు ఫెర్న్ ఆకు అతికించాడు. అన్నింటికంటే కింద, ఎర్ర స్కెచ్‌తో, పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం రాశాడు: తమ్ముణ్ణి చంపినందుకు పగ తీర్చుకోవడానికి ఈయన నలభై రెండేళ్ళ వయసులో సైన్యంలో చేరాడు.

ఆ వాక్యం వాడి సొంతం కాదు. ఈ దేశంలో గాలహర్ పేరు వచ్చిన ప్రతిచోటా ఈ మాట వినబడుతుంది. నేనూ చాలాకాలం నమ్మాను. తమ్ముడి చావుకి అన్న కత్తి పట్టడం మన సినిమాలకి అలవాటైన దారి కాబట్టి నాకది మరీ సులభంగా మనసుకెక్కింది. కానీ ఆయన జీవితాన్ని కాస్త ఓపిగ్గా చదివాక ఆ వాక్యం తప్పని తెలిసింది. అంతేకాదు, ఆ తప్పు ఒక మంచి మనిషిని మన కళ్ళ ముందునుంచి పక్కకి తప్పిస్తోందని కూడా అనిపించింది. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

గాలహర్ పుట్టింది న్యూజిలాండ్‌లో కాదు. ఐర్లండ్ ఉత్తరాన డొనెగాల్ కౌంటీలో రమెల్టన్ అనే చిన్న ఊళ్ళో, 1873 అక్టోబరు 30న పుట్టాడు. తండ్రి జేమ్స్ దుకాణదారు. తల్లి మరియా ఆయనకంటే చాలా చిన్నది, చదువుకున్న మనిషి. 1878లో ఆ కుటుంబం పిల్లల్ని వెంటబెట్టుకుని 'లేడీ జోసెలిన్' అనే ఓడెక్కింది. ఉత్తర ఐర్లండ్ నుంచి కుటుంబాలను తీసుకొచ్చి న్యూజిలాండ్‌లోని కటికటి అనే చోట స్థిరపరుస్తానని జార్జి వీజీ స్టువర్ట్ అనే ఆయన వేసిన పథకంలో వీళ్ళూ చేరారు. అప్పటికి డేవ్‌కి నాలుగేళ్ళు. వలస వచ్చాక వాళ్ళ ఇంటిపేరులోంచి ఒక అక్షరం జారిపోయింది. ఐర్లండ్‌లో రాతలో ఉన్నా నోట పలకని ఆ 'జి'ని వదిలేసి, పలికినట్టే రాయడం మొదలుపెట్టారు. పరాయి దేశంలో దరఖాస్తు మీద ఇంటిపేరు రాసి, అవతలివాళ్ళు తడబడుతుంటే వర్ణక్రమం చెప్పీ చెప్పీ అలసిపోయిన తెలుగువాళ్ళకి ఈ సంగతి వేరే వివరించనక్కర్లేదు.

కటికటిలో పొలం పెద్దగా కలిసిరాలేదు. ఇంటిని నిలబెట్టింది తల్లి. కొత్తగా పెట్టిన బడిలో వారానికి రెండు పౌండ్ల జీతానికి ఆవిడ పాఠాలు చెప్పింది, ఆ డబ్బుతోనే చాలావరకు ఇల్లు గడిచింది. 1887లో ఆవిడ క్యాన్సర్‌తో చనిపోయింది. అప్పటికి డేవ్‌కి పదమూడేళ్ళు. చదువు మానేసి, పశువుల క్రయవిక్రయాలు చూసే ఒక ఏజెంటు దగ్గర పనిలో చేరి, అన్నలతోపాటు ఇంటి బరువు మోయడం మొదలుపెట్టాడు. గాలహర్ గురించి రాసేవాళ్ళు ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేసి రగ్బీలోకి వెళ్ళిపోతారు. నాకు మాత్రం తర్వాతి జీవితానికంతటికీ పునాది ఇక్కడే కనిపిస్తుంది. తల్లి పోయిన ఏడాదే బడి మాని జీతం తెచ్చిన పిల్లవాడికి, నలుగురున్నచోట తన వంతు పని తాను చేయాలన్నది ఎవరో నేర్పాల్సిన నీతి కాదు, పూట గడవడానికి కావలసిన సంగతి. ఆయన 1916లో చేసిన పనిని అర్థం చేసుకోవడానికి మనకు కావలసిన ముక్క ఇదేననీ, తమ్ముడి చావు కాదనీ నా నమ్మకం.

ఆ తర్వాత కుటుంబం ఆక్లాండ్ చేరింది. గాలహర్ మొదట పిండిమరలో, తర్వాత మాంసం నిలవచేసే ఫ్రీజింగ్ కంపెనీలో పనిచేసి, అక్కడే ఫోర్‌మన్ అయ్యాడు. 1895లో పాన్సన్బీ క్లబ్బులో చేరాడు, మరుసటి ఏడాదే ఆక్లాండ్ జట్టుకి ఆడాడు. 1901 జనవరిలో దక్షిణాఫ్రికాలోని బోయర్ యుద్ధానికి న్యూజిలాండ్ అశ్వికదళంలో కార్పొరల్‌గా వెళ్ళి, 1902లో స్క్వాడ్రన్ సార్జంట్ మేజర్‌గా తిరిగొచ్చాడు. ఈ ఒక్క వాస్తవం చాలు, పగ కథ మీద అనుమానం రావడానికి. యుద్ధమంటే బ్యాండు మేళమూ పూలదండలూ అనుకుని బయలుదేరిన ఇరవయ్యేళ్ళ కుర్రాడు కాదాయన. గుర్రం మీద నెలల తరబడి తిరిగి, చావుల్ని చూసి, తానూ తుపాకీ పేల్చి ఇల్లు చేరిన మనిషి. రెండోసారి వెళ్ళినప్పుడు ఎక్కడికి వెళుతున్నాడో ఆయనకు తెలుసు.

1903లో న్యూజిలాండ్ తన మొట్టమొదటి టెస్టును సిడ్నీలో ఆస్ట్రేలియా మీద ఆడి 22-3తో గెలిచినప్పుడు ఆ పదిహేనుమందిలో గాలహర్ ఉన్నాడు. మరుసటి ఏడాది సొంతగడ్డ మీద బ్రిటిష్ జట్టుని ఓడించినప్పుడూ ఉన్నాడు. కానీ ఆయన అసలు పని మొదలైంది 1905 జూలైలో, వెల్లింగ్టన్ రేవు నుంచి 'రిముటకా' అనే ఓడలో న్యూజిలాండ్ జట్టు బ్రిటన్‌కి బయలుదేరినప్పుడు.

ఓడ మీదే గొడవ పుట్టింది. నాయకుడిగా గాలహర్‌ని, ఉపనాయకుడిగా బిల్లీ స్టెడ్‌ని రగ్బీ యూనియన్ నియమించడం దక్షిణపు ఆటగాళ్ళలో కొందరికి మింగుడుపడలేదు. నాయకుణ్ణి ఆటగాళ్ళే ఎన్నుకోవాలని వాళ్ళన్నారు. గాలహర్ వాదనకి దిగకుండా రాజీనామా ఇస్తానన్నాడు, స్టెడ్ కూడా ఇస్తానన్నాడు. యూనియన్ నియామకాన్ని సమర్థిస్తూ ఆటగాళ్ళు ఓటు వేశారు: 17 మంది ఔనన్నారు, 12 మంది కాదన్నారు. గట్టిగా చూస్తే జట్టులో అయిదుగురిలో ఇద్దరు తనకు వ్యతిరేకంగా చేయెత్తిన నాయకుడన్నమాట. ఆ పన్నెండుమందితో కలిసి ఆయన ఆరు నెలలపైన ఒకే ఓడల్లో, ఒకే రైళ్ళలో, ఒకే హోటళ్ళలో గడిపాడు, వాళ్ళతోనే ఆడించాడు, గెలిపించాడు. పగ పట్టే స్వభావమున్నవాడైతే ఆ పర్యటన రెండో నెలకే చీలిపోయి ఉండేది.

ఆటలో వాళ్ళు తెచ్చిన మార్పు చిన్నదేమీ కాదు. స్క్రమ్ అంటే రెండు జట్ల ఆటగాళ్ళు తలలు వంచి, గుంపుగా ఒకరినొకరు నెట్టుకుంటూ బంతి కోసం పోటీపడటం. అప్పట్లో బ్రిటన్‌లో స్క్రమ్ కట్టేటప్పుడు ముందు చేరుకున్నవాడు ముందు వరుసలో తల పెట్టేవాడు, ఎవరి చోటు ఎవరిదో ముందుగా నిర్ణయమై ఉండేది కాదు. న్యూజిలాండ్ ఆటగాళ్ళలో ప్రతివాడికీ ఒక స్థానం, ఆ స్థానానికి తగిన పని ఉండేవి. అందువల్ల వాళ్ళు స్క్రమ్‌లోకి ఎనిమిదిమంది బదులు ఏడుగుర్నే పంపి, ఇద్దరు, ముగ్గురు, ఇద్దరుగా వరుసలు కట్టి, ఎదుటి ఎనిమిదిమందిని వెనక్కి నెట్టేవారు. మిగిలిన ఎనిమిదోవాడే వింగ్ ఫార్వర్డ్, ఆ పని గాలహర్‌ది. బంతిని స్క్రమ్‌లోకి వేసి, తన జట్టు స్క్రమ్ పక్కనే నిలబడి, బంతి వెనక్కి వచ్చేటప్పుడు దాన్ని అందుకునే తన సహచరుడి మీదకి ఎవరూ దూకకుండా కాపలా కాయడం అన్నమాట. బ్రిటిష్ పత్రికలకు ఇది అడ్డుకోవడంగా, మోసంగా కనబడింది. ఊరూరా ఆయన్ని మోసగాడని రాశారు, ప్రేక్షకులు గేలి చేశారు, కొందరు రిఫరీలు ఆటాటకీ ఆయన మీద పెనాల్టీలు వేశారు. ఆ స్థానం సబబేనా అన్న చర్చకి ఇవాళ్టికీ రెండు పక్కలా మాట్లాడేవాళ్ళున్నారు. ఏమైనా 1930ల మొదట్లో నిబంధనలు మార్చి దాన్ని ఆటలోంచే తీసేశారు.

ఫలితాలు మాత్రం గొంతెత్తి చెప్పాయి. మొదటి ఆట 1905 సెప్టెంబరు 16న డెవన్ మీద, 55-4. స్కాట్లండ్ మీద 12-7, ఐర్లండ్ మీద 15-0, ఇంగ్లండ్ మీద 15-0. గాయం వల్ల ఐర్లండ్ ఆటకి గాలహర్ దిగలేదు, జట్టుని స్టెడ్ నడిపాడు. 1906 జనవరి 1న ఫ్రాన్స్ తన మొట్టమొదటి టెస్టు ఆడింది కూడా వీళ్ళతోనే. మొత్తం పర్యటనలో వీళ్ళు చేసిన పాయింట్లు 976, ఇచ్చుకున్నవి 59. ఇంత చేసిన ఆటగాళ్ళకి యూనియన్ ఇచ్చిన భత్యం రోజుకి మూడు షిల్లింగులు. పర్యటన వేల పౌండ్ల లాభం తెచ్చింది.

ఇక ఓడిన ఆ ఒక్క ఆట. 1905 డిసెంబరు 16న కార్డిఫ్‌లో, నలభై ఏడు వేలమంది ముందు, వేల్స్ 3-0తో గెలిచింది. టెడ్డీ మోర్గాన్ చేసిన ట్రై, అంటే బంతిని ఎదుటివాళ్ళ గీత దాటించి నేలకి ఆనించడం, ఒక్కటే ఆ ఆటలో వచ్చిన పాయింట్లు. రెండో సగంలో బాబ్ డీన్స్ గీత దాటి బంతిని నేలకి ఆనించానని అన్నాడు. వెల్ష్ ఆటగాళ్ళు ఆయన్ని వెనక్కి లాగేశారనీ, మామూలు బట్టలూ బూట్లతో వెనకబడి పరుగెత్తుతూ వచ్చిన స్కాట్లండ్ రిఫరీ జాన్ డల్లస్ చేరేసరికి బంతి గీతకి ఇవతల ఉందనీ న్యూజిలాండ్ వాళ్ళు నూట ఇరవై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నారు. మా ఆఫీసులో వెల్ష్ మూలాలున్న ఒకాయనా, ఇక్కడి ఒకాయనా ఈ విషయం మీద నిజంగా గొంతు పెంచుకోవడం నేను చూశాను. అదే ఆటలో గాలహర్ మీద బంతి వేయడంలో తప్పులంటూ వరసగా పెనాల్టీలు పడ్డాయి. చివరికి స్క్రమ్‌లో బంతి కోసం ప్రయత్నించవద్దని ఆయనే తనవాళ్ళకి చెప్పాల్సివచ్చింది.

ఆట అయ్యాక ఆయన ఏమన్నాడన్నది ఇక్కడ ముఖ్యం. చివరిదాకా పోరాడిన మంచి ఆట ఇది, మెరుగైన జట్టే గెలిచింది, నాకు తృప్తిగానే ఉంది అన్నాడు. రిఫరీ గురించి అడిగితే, తాను ఆడిన ఏ ఆటలోనూ రిఫరీ గురించి అభిప్రాయం చెప్పకూడదన్నది తన నియమమని చెప్పి ఊరుకున్నాడు. తన జీవితంలో అతిపెద్ద అన్యాయం జరిగిందని దేశం దేశమంతా నమ్మిన రోజున ఆయన ప్రవర్తన ఇది. మైదానంలో నిగ్రహం చూపినవాడు ఇంట్లో చావు వచ్చినప్పుడూ అలాగే ఉంటాడని రుజువేమిటని ఎవరైనా అడగవచ్చు, ఆ ప్రశ్న న్యాయమైనదే. తమ్ముడి ప్రాణాన్నీ మూడు పాయింట్లనీ ఒక తక్కెడలో పెట్టేంత మూర్ఖుణ్ణి కాను. స్వభావం ఒక్కదాన్నీ పట్టుకుని వాదించడం లేదు, తేదీలు కూడా ఉన్నాయి, అక్కడికే వస్తున్నాను.

ఇంతలో ఇంకొక్క సంగతి, ఎందుకంటే ఇది నాకు అన్నింటికంటే ఇష్టమైనది. పర్యటన ముగిసే సమయంలో ఒక బ్రిటిష్ ప్రచురణకర్త గాలహర్‌నీ స్టెడ్‌నీ రగ్బీ మీద ఒక పుస్తకం రాయమని అడిగాడు. వాళ్ళు దాన్ని రెండు వారాలు తిరక్కుండానే పూర్తి చేశారు, 322 పేజీలు. రాత చాలావరకు స్టెడ్‌ది, బొమ్మలు ఎక్కువభాగం గాలహర్‌వి. స్టెడ్ వృత్తిరీత్యా చెప్పులు కుట్టేవాడు, గాలహర్ మాంసం ఫ్యాక్టరీ ఫోర్‌మన్. బడి చదువు పదమూడో ఏట ఆగిపోయిన మనిషి కూర్చుని, ఎవరెక్కడ నిలబడాలో, ఎవరు ఎటు పరుగెత్తాలో, బంతి ఏ గీత వెంట పోవాలో కాగితం మీద గీస్తున్న దృశ్యాన్ని ఊహించుకోండి. రగ్బీ ఆలోచించి ఆడాల్సిన ఆట అని ప్రపంచానికి చెప్పిన తొలి పుస్తకాల్లో అదొకటి. ఇంగ్లండ్ పత్రికలు మోసమన్న పద్ధతిని ఆయన దాచుకోలేదు, అదే ఇంగ్లండ్‌లో అచ్చువేసి అందరి చేతిలో పెట్టాడు.

తిరిగొచ్చాక 1906 అక్టోబరు 10న ఎలెన్ ఫ్రాన్సిస్‌ని పెళ్ళి చేసుకున్నాడు, 1908లో కూతురు పుట్టింది. దేశం తరఫున 36 ఆటలు, వాటిలో ఆరు టెస్టులు ఆడి ఆపేశాక, ఆక్లాండ్‌కీ, 1907 నుంచి 1914 వరకు ఆల్ బ్లాక్స్ అని పిలిచే న్యూజిలాండ్ జట్టుకీ ఆటగాళ్ళను ఎంపిక చేశాడు. ఆక్లాండ్ జట్టు 1905 నుంచి 1913 దాకా న్యూజిలాండ్ ప్రాంతీయ జట్లు పోటీపడే రాన్‌ఫర్లీ షీల్డ్‌ని చేజార్చుకోకుండా నిలబెట్టుకున్నది ఈ కాలంలోనే. పేరు పోగొట్టుకోని పదేళ్ళు, రోజూ పనికి వెళ్ళి, సాయంత్రం కుర్రాళ్ళకు ఆట నేర్పి, ఇంటికొచ్చి కూతురితో గడిపిన పదేళ్ళు. శిల్పాలు చెక్కేవాళ్ళకి ఇందులో పనికొచ్చేదేమీ లేదనుకుంటాను.

ఇప్పుడు 1916. గాలహర్ సైన్యంలో చేరడానికి పేరిచ్చింది ఆ ఏడాది మే నెలలో. ఆయన తమ్ముడు డగ్లస్, ఆస్ట్రేలియా 11వ బెటాలియన్‌లో కంపెనీ సార్జంట్ మేజర్, అంతకుముందు టర్కీలోని గలిపొలిలో గాయపడి కోలుకున్నవాడు, ఫ్రాన్స్‌లో ఫ్రోమెల్ దగ్గరి లావెంటీలో చనిపోయింది జూన్ 3న. అప్పటికి అన్న పేరిచ్చి, శిక్షణకి పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు. అంతే. చావు తర్వాత నిర్ణయం కాదు, నిర్ణయం తర్వాత చావు. ఆయన జీవితచరిత్ర రాసిన మ్యాట్ ఎలియట్ ఈ పగ కథని కట్టుకథ అనే అన్నారు, బాధ్యతా విధేయతా కారణాలై ఉంటాయని చెప్పారు. అయినా ఆ కథ చావలేదు. రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడటానికి అరనిమిషం కూడా పట్టదు, కానీ వందేళ్ళుగా చాలామంది ఆ అరనిమిషం ఖర్చుపెట్టినట్టు లేదు.

న్యూజిలాండ్‌లో నిర్బంధ సైనిక చట్టం వచ్చింది 1916 ఆగస్టులో, అంటే ఆయన పేరిచ్చిన తర్వాత. నలభై రెండేళ్ళవాడు, భార్యా చిన్నకూతురూ ఉన్నవాడు, అప్పటికే ఒక యుద్ధానికి వెళ్ళొచ్చినవాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు, అడిగే హక్కు కూడా ఎవరికీ లేదు. అయినా వెళ్ళాడు. తాను ఎంపిక చేసిన కుర్రాళ్ళు, తన క్లబ్బులో ఆడిన కుర్రాళ్ళు వరసగా ఓడలెక్కుతుంటే ఒడ్డున నిలబడలేకపోయాడని నేను అనుకుంటాను. తల్లి పోయిన ఏడాది బడి మానేసిన పదమూడేళ్ళవాడే ఆ ఓడ మెట్లెక్కాడని కూడా అనుకుంటాను. ఇది నా ఊహేనని ఒప్పుకుంటాను, కానీ తేదీలకి విరుద్ధమైన ఊహ కాదు.

అక్కడితో నేను ఆయన్ని మెచ్చుకుని ఊరుకోలేను. ఎలెన్ వైపు నుంచి చూస్తే ఈ నిర్ణయం వేరేలా ఉంటుంది. పగ కథ మనకు ఇంత నచ్చడానికి ఒక కారణం, అది ఆ ఇంటిలోని కష్టమైన ప్రశ్నని మనచేత అడగనివ్వకపోవడం. తమ్ముణ్ణి చంపారు, రక్తం మరిగింది, వెళ్ళాడు: ఇలా చెబితే ఇక అక్కడ నిర్ణయమే లేదు, ఉన్నది ఉద్వేగం. నిర్ణయం లేనిచోట దాన్ని ప్రశ్నించడమూ ఉండదు. భార్యనీ ఎనిమిదేళ్ళ పిల్లనీ వదిలి, ఎవరూ పిలవని యుద్ధానికి ఆలోచించుకుని వెళ్ళాడంటే మాత్రం, ఆయన్ని గౌరవిస్తూనే, అది సరైన పనేనా అని అడగవలసి వస్తుంది. ఆ మనిషికి ఆ ప్రశ్న అడిగే గౌరవం ఇవ్వాలని నా వాదన. స్క్రమ్‌లో ఎవరెక్కడ నిలబడాలో గీత గీసి ఆలోచించినవాడు, తాను ఎక్కడ నిలబడాలో మాత్రం ఆలోచించకుండా దూకేశాడని చెప్పడం ఆయన్ని తక్కువ చేయడమే.

రెండో నష్టం ఇంకా పెద్దది. ఒక సామ్రాజ్యాల యుద్ధాన్ని పగ కథ ఇద్దరు అన్నదమ్ముల సొంత వ్యవహారంగా మార్చేస్తుంది. ఆ యుద్ధానికి పదకొండు లక్షల జనాభా ఉన్న దేశం లక్షమందిని సముద్రాల మీదుగా పంపింది, దాదాపు పద్దెనిమిది వేలమంది తిరిగి రాలేదు. వారిలో ఆల్ బ్లాక్స్ జెర్సీ వేసుకున్నవాళ్ళే పదమూడుమంది. ఈ పదమూడుమందికీ తలా ఒక తమ్ముడి పగ లేదు కదా. గాలహర్ ఇంట్లోనే చూడండి. డేవ్ పోయిన మరుసటి ఏడాది, 1918 ఏప్రిల్ 24న, ఇంకో తమ్ముడు హెన్రీ ఫ్రాన్స్‌లోని విలేర్ బ్రెటన్న దగ్గర చనిపోయాడు. ఆయనతో కవల పుట్టిన చార్ల్స్ గలిపొలిలో తీవ్రంగా గాయపడి బతికి బయటపడ్డాడు. రమెల్టన్ నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని భూమి కోసం ఓడెక్కిన ఆ తల్లి సంతానంలో ముగ్గురు, ఆవిడ దాటి వచ్చిన సముద్రాలనే వెనక్కి దాటి వెళ్ళి, యూరప్ మట్టిలో కలిశారు. దీనికి పగ అన్న మాట ఏ మూలకీ చాలదు.

గాలహర్ 1917 ఫిబ్రవరిలో ఆక్లాండ్ పదాతిదళ సైనికుడిగా ఓడెక్కాడు. ఓడ మీద ఆటల కమిటీలో ఉన్నాడు, దారిలో రగ్బీ ఆట ఒకటి ఆడించాలని సాధన కూడా చేయించాడు. ఇంగ్లండ్‌లో శిక్షణ, ఆ తర్వాత బెల్జియం. అక్టోబరు 4న బ్రూడ్‌సైండే దాడిలో న్యూజిలాండ్ దళాలు గ్రావెన్‌స్టాఫెల్ మెట్ట మీదికి ఎక్కాయి. దాడి గెలిచిందనే లెక్క. ఆ రోజు పోయిన న్యూజిలాండ్‌వాళ్ళు 320 మందికి పైనే. గాలహర్ తలకి పెట్టుకున్న ఇనుప టోపీని చీల్చుకుని ఒక గుండు ముక్క లోపలికి దిగింది. పోపరింగే దగ్గరున్న మూడవ ఆస్ట్రేలియన్ చికిత్సా శిబిరానికి మోసుకెళ్ళారు, ఆ రోజే ప్రాణం పోయింది. పెళ్ళయి పదకొండేళ్ళు నిండడానికి ఇంకా ఆరు రోజులుంది. ఎనిమిది రోజుల తర్వాత, అక్టోబరు 12న, అదే నేల మీద ఒక్క ఉదయంలో ఎనిమిది వందలమందికి పైగా న్యూజిలాండ్ సైనికులు చనిపోయారు.

రెండేళ్ళ కిందట ఉద్యోగం పని మీద బ్రసెల్స్ వెళ్ళినప్పుడు ఒక ఆదివారం రైలెక్కి పోపరింగే వెళ్ళాను. ఆగస్టు నెల. ఊరి బయట రోడ్డుకి రెండు వైపులా హాప్ తోటలు, నిలువెత్తు కర్రలకీ తీగలకీ అల్లుకుని, దూరం నుంచి అచ్చం మన తమలపాకు తోటల్లా ఉన్నాయి. నైన్ ఎల్మ్స్ శ్మశానం ఆ తోటల మధ్యలోనే ఉంది. 1917 సెప్టెంబరులో చికిత్సా శిబిరాలు అక్కడికి మారడంతో మొదలై, ఆ డిసెంబరుకల్లా దాదాపు నిండిపోయిన శ్మశానమది, పదిహేను వందలకు పైగా సమాధులున్నాయి. మూడో విభాగం, డి వరుస, ఎనిమిదో రాయి. తెల్లని రాయి మీద ఫెర్న్ ఆకు, 32513 అనే సైనిక సంఖ్య, పేరు, తేదీ, వయసు. వయసు దగ్గర 41 అని ఉంది.

నలభై మూడు ఉండాలి. సైన్యం కాగితాల్లో ఆయన వయసు తగ్గి ఉంది, రాయి కాగితాన్ని నమ్మింది. నేను ఆ అంకెల ముందు చాలాసేపు నిలబడ్డాను. మా నాన్నగారికి రెండు పుట్టినరోజులు. ఒకటి మా నాయనమ్మ చెప్పినది, ఇంకొకటి బడిలో వేసినప్పుడు పంతులుగారు చేర్చినది. ఆయన ఉద్యోగం, పదవీ విరమణ, పెన్షన్ అన్నీ పంతులుగారి తేదీ ప్రకారమే నడిచాయి. రాయి మీద తప్పు వయసు చూసి ఆశ్చర్యపడడానికి మన ఇళ్ళలో పెరిగినవాళ్ళకి కారణమేమీ లేదు. నన్ను అక్కడ కదిలించినది ఇంకొకటి. బ్రిటిష్ సైనికుల రాళ్ళ మీద కింద కుటుంబాలు చెక్కించుకున్న ఒకటి రెండు మాటలుంటాయి. న్యూజిలాండ్ ప్రభుత్వం తన సైనికుల రాళ్ళకి దాన్ని అనుమతించలేదు. అందువల్ల ఎలెన్ ఏమని చెక్కించేదో మనకు అందలేదు. రాయి అడుగుభాగం ఖాళీగా ఉంది. నాకనిపిస్తుంది, ఆ ఖాళీలోకే వందేళ్ళుగా మనం పగ కథని తెచ్చి పెట్టుకున్నామని.

గాలహర్ పేరుతో ఆక్లాండ్ క్లబ్బులు 1922 నుంచి ఒక షీల్డ్ కోసం ఆడుతున్నాయి. ఫ్రాన్స్, న్యూజిలాండ్ జట్ల మధ్య ఆయన పేరు మీద ఒక ట్రోఫీ ఉంది, దాని మొదటి ఆటని 2000 నవంబరు 11న, యుద్ధవిరమణ దినాన పెట్టారు. డొనెగాల్‌లో లెటర్‌కెన్నీ క్లబ్బు మైదానానికి ఆయన పేరుంది. ఆక్లాండ్‌లోని ఈడెన్ పార్క్ స్టేడియం బయట 2011 నుంచి 2.7 మీటర్ల కంచు విగ్రహం ఉంది, క్రికెట్ చూడటానికి వెళ్ళినప్పుడల్లా మా అబ్బాయి దాని కాలు ముట్టుకుని లోపలికి వస్తాడు. ఇవన్నీ ఉండాల్సినవే. వీటిలో నాకు బాగా తగినదనిపించేది మాత్రం ఆ షీల్డే, ఎందుకంటే అది శనివారం మధ్యాహ్నాల్లో, వారమంతా వేరే పనులు చేసుకునే కుర్రాళ్ళు బురదలో ఆడి గెలుచుకునేది. ఆయన పదేళ్ళపాటు నిలబెట్టిన ఆట అదే.

ఇదంతా మావాడికి ఒక సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాను. వాడికి కోపం వచ్చింది. చార్టంతా అయిపోయిందనీ, ఎర్ర స్కెచ్‌తో రాసినది చెరగదనీ అన్నాడు. కాసేపు ఊరుకుని, "మరి ఎందుకెళ్ళాడు నాన్నా?" అని అడిగాడు. తల్లి చనిపోయినప్పుడు ఆయనకి సరిగ్గా నీ వయసేనని చెప్పి, కటికటి సంగతి మొదట్నుంచీ చెప్పాను. విన్నాడు, ఒప్పుకున్నాడో లేదో చెప్పలేదు. తర్వాత తెల్లకాగితం ఒకటి సన్నని పట్టీగా కత్తిరించి, ఆ ఎర్ర వాక్యం మీద జిగురుతో అతికించి, నల్ల పెన్నుతో రెండు వరుసలు రాశాడు.

1916 మే: సైన్యంలో చేరడానికి పేరిచ్చాడు.
1916 జూన్ 3: తమ్ముడు డగ్లస్ చనిపోయాడు.

జిగురు తడికి కాగితం కాస్త ముడతలు పడింది. పొద్దున బడి వేళకి ఆరాలని చార్టుని హీటర్ పక్కన గోడకి ఆనించి పడుకున్నాం.